ప్రభల గడ్డపై అట్ట గొట్టాల లెక్క

నరసరావుపేటలో ఏ ఫ్లెక్సీ షాపు దగ్గరికైనా సాయంత్రం పూట వెళ్లి చూడండి. గోడకు ఆనించి అట్ట గొట్టాలు ఉంటాయి. నాలుగడుగులవి, ఆరడుగులవి, పదడుగులవి. ఫ్లెక్సీ చుట్ట అయిపోగానే మిగిలేది అదే. బట్టల షాపుల వెనక సందులోనూ ఇదే సరుకు. చిలకలూరిపేట, గణపవరం వైపు వెళితే నూలు చుట్టే కోన్లు. ఇవన్నీ చివరికి చిత్తు కాగితాల కొట్టుకు కేజీల లెక్కన పోతాయి. ఇదే జిల్లాలో ఏటా మహాశివరాత్రికి కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్లు ఎనభై, తొంభై అడుగుల ఎత్తున విద్యుత్ ప్రభలు కట్టి రాత్రంతా వెలిగిస్తాయి. గొట్టాలూ ఇక్కడే ఉన్నాయి, దీపాల మీద మోజూ ఇక్కడే ఉంది. ఈ రెండింటినీ కలిపితే మన డిగ్రీ, ఇంజినీరింగ్ కుర్రాళ్లకు, అమ్మాయిలకు నాలుగు రూపాయలు వస్తాయా? వస్తే ఎన్ని?

ముందు ఒక మాట చెప్పుకోవాలి. 'పారేసే అట్టతో లక్షలు సంపాదించండి' అనే వీడియోలు ఫోన్లో బోలెడు తిరుగుతున్నాయి. ఈ పేజీ ఆ పాట పాడదు. పైగా ఆ వీడియోల్లో వాడేవి ఎక్కువగా టాయిలెట్ పేపర్ రోల్ గొట్టాలు. మాచర్లలో, గురజాలలో ఎంతమంది ఇళ్లలో అవి దొరుకుతాయి? మన గొట్టాలు వేరు. మందంగా, గట్టిగా ఉంటాయి, కత్తెరకు తెగవు. కాబట్టి పని కూడా వేరు.

ఇది చిన్నపిల్లల క్రాఫ్టు కాదా అనుకునే వాళ్లకు షిగేరు బాన్ పేరు చెప్పాలి. జపాన్ ఆర్కిటెక్టు. ఒక ప్రదర్శన కోసం బట్ట చుట్టలు వాడగా మిగిలిన అట్ట గొట్టాలను పారేయలేక దాచుకున్నారాయన. 1986లో టోక్యోలో మరో ప్రదర్శన ఏర్పాటు చేయాల్సి వచ్చినప్పుడు చెక్కకు బదులు అట్ట గొట్టాలనే వాడారు. అక్కడ మొదలైన ఆలోచన 1995 కోబే భూకంప బాధితులకు ఇళ్లయింది. 2001లో మన గుజరాత్‌లోని భుజ్‌కూ వచ్చింది. 2013లో న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో ఏకంగా చర్చి అయింది. మరుసటి ఏడాది ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. అంటే పారేసే అట్టను సరుకుగా చూడటం నామోషీ పని కాదు. 'బీటెక్ చదివి అట్టలు ఏరుకుంటున్నావా' అని ఇంట్లోనో వీధిలోనో అంటారు, తప్పదు. ఆ మాటకు జవాబు మీ ఖాతా పుస్తకం ఇవ్వాలి, మీరు కాదు.

ఇక దీపాల సంగతి. కోటప్పకొండ ప్రభ అంటే మనకు చిన్నప్పటి నుంచీ చూసిందే కాబట్టి దాని వెనకున్న పనిని గమనించం. కావూరు, పురుషోత్తమపట్నం, మద్దిరాల లాంటి ఊళ్లలో ప్రభ కట్టడం అంటే కర్రలు, వెదుళ్లతో చట్రం లేపాలి, మోకులతో నాలుగు వైపులా పట్టి నిలబెట్టాలి, జనరేటరు పెట్టాలి, వేలకొద్దీ బల్బులు అమర్చి బొమ్మ వెలిగి ఆరేలా చేయాలి. ప్రభ వెళ్లే దారిలో కరెంటు ఆపాలి. స్ట్రక్చర్, ఎలక్ట్రికల్, లాజిస్టిక్స్, చందాల వసూలు, పద్దు రాయడం... ఒక చిన్న కంపెనీలో ఉండే విభాగాలన్నీ ఇందులో ఉన్నాయి. దీన్ని ఎవరూ రెజ్యూమెలో రాయరు. కోనసీమ వాళ్ల ప్రభల తీర్థం 2023లో ఢిల్లీ గణతంత్ర పరేడ్‌లో శకటంగా వెళ్లింది. మన పల్నాడు ప్రభలు ఎత్తులో దానికి తీసిపోవు, కానీ వాటి చుట్టూ ఒక చేతి వృత్తిని, ఒక సరుకును మనం తయారు చేసుకోలేదు. తిరునాళ్లకు వచ్చిన లక్షల మంది ఇంటికి పట్టుకెళ్లేది బొరుగులు, ప్లాస్టిక్ బొమ్మలు. ప్రభ గుర్తుగా ఒక చిన్న దీపం పట్టుకెళ్దామంటే దొరకదు.

ఫిలిప్పీన్స్‌లో శాన్ ఫెర్నాండో అనే ఊరు ఉంది. అక్కడ ఏటా డిసెంబరులో పేటల వారీగా పోటీపడి ఇరవై అడుగుల క్రిస్మస్ లాంతర్లు కడతారు. బల్బులు పాటకు తగ్గట్టు వెలగడానికి ఇనుప పీపాల్లాంటి రోటర్లు తిప్పుతారు. మన ఊరి ప్రభ పోటీ చూసినవాళ్లకు అది వింతగా అనిపించదు. తేడా ఎక్కడంటే, ఆ పెద్ద లాంతర్ల పేరు మీద 'పరోల్' అనే చిన్న నక్షత్ర లాంతర్ల వ్యాపారం అక్కడ నిలబడింది. పెద్దది పరువు కోసం, చిన్నది పొట్ట కోసం. ఈ రెండో భాగమే మన దగ్గర లేదు.

మన రాష్ట్రంలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంట. తోలుబొమ్మలాటకు ప్రేక్షకులు తగ్గాక అక్కడి కళాకారులు అదే తోలు, అదే రంగులు, అదే చిల్లులు కొట్టే పనితనంతో లాంప్‌షేడ్లు చేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు కొత్త కళ ఏమీ నేర్చుకోలేదు. తెర వెనక దీపం పెట్టి బొమ్మ ఆడించేవాళ్లు, ఇప్పుడు బొమ్మ లోపలే దీపం పెట్టారు, అంతే. మనకూ అలాంటి పునాది ఉంది. కార్తీక మాసంలో గుళ్లో ధ్వజస్తంభానికి కట్టే ఆకాశదీపం చిల్లులున్న చిన్న పాత్రే కదా. అట్ట గొట్టానికి వరుసగా చిల్లులు వేసి లోపల ఎల్‌ఈడీ తీగ పెట్టినా జరిగేది అదే. చిల్లుల్లోంచి వెలుగు గోడ మీద నమూనాగా పడుతుంది. ఏ నమూనా అంటారా? అమరావతి స్తూపం పద్మాలు ఈ జిల్లావే. జీఐ గుర్తింపు ఉన్న దుర్గి రాతి శిల్పాలు ఈ జిల్లావే. మాచర్ల చెన్నకేశవస్వామి గుడి ఇక్కడే. గూగుల్‌లో స్నోఫ్లేక్ డిజైన్ వెతుక్కోవాల్సిన పని లేదు. మంచు కురవని రెంటచింతలలో స్నోఫ్లేక్ ఎందుకండీ?

చేసే పద్ధతి పెద్ద కష్టం కాదు, కానీ ఓపిక కావాలి. గొట్టాన్ని హాక్సా బ్లేడుతో కోస్తే అంచు పీచులా లేస్తుంది, గరుకు కాగితంతో రుద్దాలి. వడ్రంగి దగ్గర కటింగ్ మిషన్ ఉంటే యాభై గొట్టాలు గంటలో తెగిపోతాయి, అతనికి కూలి ఇచ్చి కోయించుకోవడమే మంచిది. కాగితం మీద డిజైన్ గీసి గొట్టానికి అంటించి, చుక్కల మీదుగా డ్రిల్లింగ్ మిషన్‌తో చిల్లులు వేయాలి. లోపల ఒక చెక్క దుంగ దూర్చి డ్రిల్ చేస్తే గొట్టం నొక్కుకుపోదు. మెకానికల్ వాళ్లు దీన్నే జిగ్ అంటారు. పరీక్షలో రాసి మరిచిపోయింది ఇక్కడ చేతికొస్తుంది. నూలు కోన్లయితే ఆకారం సహజంగానే లాంతరులా ఉంటుంది. అయితే అవి స్పిన్నింగ్ మిల్లులో దొరుకుతాయని వెళ్లకండి. కోన్ నూలుతో పాటే బయటికి పోతుంది. మిల్లులో మిగిలేవి దెబ్బతిన్నవే. ఖాళీ కోన్లు కావాలంటే నూలు వాడేసే చోటుకు, అంటే మరమగ్గాల యూనిట్లకు వెళ్లాలి.

భద్రత గురించి మాత్రం కచ్చితంగా మాట్లాడుకోవాలి. ఇది కాగితం. దాదాపు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర అంటుకుంటుంది. పాత బుడ్డి బల్బు తీసుకునే కరెంటులో చాలావరకు వేడిగానే పోతుంది, అలాంటిది అట్ట గొట్టంలో పెట్టడం ప్రమాదాన్ని కొనుక్కోవడమే. ఎల్‌ఈడీ మాత్రమే వాడాలి. అదీ 5 వోల్టులు, 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచేది. అడాప్టర్ గొట్టం బయట ఉండాలి. గొట్టం రెండు వైపులా మూసేయకూడదు, గాలి ఆడాలి. 230 వోల్టుల సీరియల్ సెట్ తీగను మధ్యలో కోసి, టేపు చుట్టి అతికించే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. అమ్మే వస్తువులో ఆ పని చేయకండి. ఎల్‌ఈడీ లైటింగ్ చైన్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నెంబరు ప్యాకెట్ మీద ఉందో లేదో చూసి కొనండి. నెంబరు లేనిది ముప్పై రూపాయలు చవగ్గా దొరకొచ్చు. కానీ ఎవరి పందిట్లోనో మంటలు లేస్తే అడిగేది మిమ్మల్నే. బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్లు పూసి ఆరబెడితే కాగితం అంత తొందరగా అంటుకోదు. అలాగని అసలు కాలదని కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. కింది అంకెలు ఊహించినవే, మీ ఊళ్లో ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి. ఇరవై గొట్టం ముక్కల దండ ఒకటి చేశారనుకుందాం. ఎల్‌ఈడీ తీగ 120 రూపాయలు. రంగు, జిగురు, వార్నిష్ 40. బ్లేడ్లు, కరెంటు 10. ప్యాకింగ్ 20. మొత్తం 190. ఇక్కడితో ఆపి, 350కి అమ్మితే 160 లాభం అని చెప్పేస్తారు చాలామంది. మీరు కూర్చున్న గంటన్నర ఎక్కడికి పోయింది? గంటకు 60 చొప్పున వేసుకున్నా 90 రూపాయలు. ఖర్చు 280 అయింది, మిగిలేది 70. అదే దండను షాపులో పెట్టి, షాపు వాళ్లకు 25 శాతం ఇస్తే మీ చేతికొచ్చేది 262 రూపాయల 50 పైసలు. అంటే ప్రతి దండ మీదా 17 రూపాయల 50 పైసల నష్టం. మీ కూలి లెక్కలో రాయలేదు కాబట్టి ఆ నష్టం కనపడదు, డబ్బులు వస్తున్నట్టే ఉంటుంది. చిన్న వ్యాపారాలు చాలావరకు మునిగేది ఇలా కనపడని చోటే. బీకాంలో కాస్ట్ అకౌంటింగ్ చదివిన వాళ్లు ఈ ఒక్క దండ మీద కూర్చుంటే ఆ సబ్జెక్టు సగం అర్థమవుతుంది.

పక్కనే కొట్లో రంగురంగుల సీరియల్ సెట్ వంద రూపాయలకు వేలాడుతుంటుంది. ధరలో దాంతో పోటీ పడలేం, పడకూడదు కూడా. మరేం చేయాలి? మా అభిప్రాయం ఒకటే. అమ్మకండి, అద్దెకివ్వండి. షామియానా, లైటింగ్, సౌండ్ వ్యాపారం మన ఊళ్లలో నడిచేదే అద్దె మీద. నలభై లాంతర్లు 280 చొప్పున 11,200 పెట్టుబడి అనుకోండి. ఫంక్షన్‌కు ఒక్కోటి 60 రూపాయలు అద్దెకిస్తే 2,400. రవాణాకు, వేలాడదీయడానికి 500 పోతుంది. రెండు పాడవుతాయి, వాటికి 560. మిగిలేది 1,340. తొమ్మిదో ఫంక్షన్‌తో గానీ పెట్టుబడి తిరిగి రాదు. తర్వాత వచ్చేది మీది. ఇది అంత తియ్యటి లెక్క కాదని తెలుసు. కానీ నిజాయతీగా వేస్తే ఇలాగే వస్తుంది, వంద శాతం లాభం అని చెప్పేవాడు ఏదో ఒక ఖర్చు దాస్తున్నాడు.

తొమ్మిది ఫంక్షన్లు దొరుకుతాయా అంటే కాలం చూసుకోవాలి. వినాయక చవితితో మొదలుపెట్టాలని అందరికీ ఉబలాటం ఉంటుంది. అది వానల కాలం, అట్టకు శత్రువు. మొదటి ఏడాది చవితి జోలికి పోవద్దు. కార్తీకం నుంచి వాతావరణం పొడిబారుతుంది. ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు కానీ అప్పుడే క్రిస్మస్ వస్తుంది. పల్నాడులో ప్రతి పేటలో చర్చి ఉంది, ప్రతి ఇంటి మీదా స్టార్ వెలుగుతుంది. తర్వాత సంక్రాంతి, మాఘమాసం పెళ్లిళ్లు, శివరాత్రి. మూడు నెలల్లో ఇన్ని వరుసగా వచ్చే సీజను ఇంకొకటి లేదు. తెల్లవారుజాము మంచుకు కూడా అట్ట మెత్తబడుతుంది కాబట్టి రెండు పూతలు వార్నిష్ తప్పనిసరి.

ఈ వ్యాపారానికి చట్టం ఇచ్చిన ఒక సందు కూడా ఉంది. 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సింగిల్ యూజ్ ప్లాస్టిక్ నిషేధంలో అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉంది. అయినా పెళ్లి స్టేజీల మీద, మండపాల్లో థర్మోకోల్ ఇంకా కనపడుతూనే ఉంది. డెకరేషన్ వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, దాని బదులు అంత తేలికైనది, చవకైనది ఏదో చూపించాలి. అట్ట గొట్టం ఆ పని చేయగలదు. స్తంభాలు, తోరణాలు, నక్షత్రాలు. మీ అమ్మకం మాట అదే కావాలి, 'పర్యావరణం' అని గాల్లో మాట్లాడితే ఎవరూ వినరు.

పర్యావరణం గురించి ఇంకో చేదు నిజం కూడా. అట్ట గొట్టం వృథాగా పోవడం లేదు. చిత్తు కాగితాల కొట్టు నుంచి పేపరు మిల్లుకు వెళ్లి మళ్లీ అట్టే అవుతోంది. మనం దానికి గ్లిట్టర్ చల్లి, ప్లాస్టిక్ పూలు అంటించి, తీగను జిగురుతో బిగించేస్తే అది ఇక మిల్లుకు కూడా పనికిరాదు. చెత్తను తగ్గించామని చెప్పుకుంటూ పెంచినట్టవుతుంది. కాబట్టి తీగ సులువుగా బయటికి వచ్చేలా చేయాలి, గ్లిట్టర్ వద్దు. ఎల్‌ఈడీ తీగ వచ్చే ఏడాదికి, గొట్టం మళ్లీ చిత్తు కొట్టుకు. దీపం రూపకల్పనలో ఈ ఒక్కటీ సాధించిన వాళ్లను మేం నిజమైన డిజైనర్లంటాం.

ఇదంతా ఉద్యోగం వెతుక్కునే వాళ్లకు ఎందుకు? 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షల మందికి పైగా పోటీ పడ్డారు. ప్రిపరేషన్ మానేయమని ఎవరూ చెప్పరు, మేం అసలు చెప్పం. కానీ నోటిఫికేషన్‌కు నోటిఫికేషన్‌కు మధ్య ఏడాదో, రెండేళ్లో గడిచిపోతుంటాయి, వాటి గురించి ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. సరుకు ఎక్కడ కొన్నారు, ఎన్ని పాడయ్యాయి, ధర ఎలా పెట్టారు, డబ్బు ఎగ్గొట్టిన కస్టమర్‌తో ఎలా మాట్లాడారు అన్న ప్రశ్నలకు సొంత అనుభవంతో జవాబిచ్చే అభ్యర్థి వేరుగా కనిపిస్తాడు. డిగ్రీ విద్యార్థులు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ చేయాలి. చాలా కాలేజీల్లో అది పక్కవాడి రిపోర్టు చూసి రాసే తంతుగా మారింది. దాని బదులు మీ పట్టణంలో ఏ షాపులో వారానికి ఎన్ని గొట్టాలు మిగులుతున్నాయి, ఎవరు కొంటున్నారు, ఎంతకు కొంటున్నారు అని నలుగురు కలిసి సర్వే చేయండి. రిపోర్టూ అవుతుంది, ముడిసరుకు జాబితా కూడా చేతికొస్తుంది.

లోన్ల సంగతి చివర్లో చెబుతున్నాం, కావాలనే. పీఎంఈజీపీ కింద తయారీ యూనిట్‌కు 50 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. గ్రామాల్లో జనరల్ వాళ్లకు 25 శాతం, ప్రత్యేక వర్గాలకు 35 శాతం సబ్సిడీ ఉంది. ముద్రలో శిశు విభాగం 50 వేల వరకు, తాకట్టు అక్కర్లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో ఉచితం, దానికి డబ్బులడిగే వెబ్‌సైట్లను నమ్మొద్దు. ఆర్‌సెటీల్లో ఉచిత శిక్షణ ఉంటుంది. అయితే నలభై లాంతర్ల పనికి బ్యాంకు గడప ఎక్కాల్సిన అవసరమే లేదు. నలుగురు స్నేహితులు తలా మూడు వేలు వేసుకుంటే సరిపోతుంది. సబ్సిడీ వస్తుంది కదా అని వ్యాపారం పెట్టిన వాళ్లలో సబ్సిడీ తర్వాత నిలిచిన వాళ్లు ఎంతమందో మీ ఊళ్లోనే అడిగి చూడండి.

అధికారులకూ ఒక మాట. కోటప్పకొండ తిరునాళ్లకు ఏటా లైటింగ్ పనులు జరుగుతాయి. అందులో ఒక దారి, ఒక స్వాగత తోరణం, లేదా ఒక విడిది స్థలం జిల్లా కాలేజీ విద్యార్థి బృందాలకు వదిలిపెట్టండి. ఉచిత సేవ కింద కాదు, డబ్బులిచ్చే ఆర్డరుగా, ఎలక్ట్రికల్ భద్రతా తనిఖీ షరతుతో. సర్టిఫికెట్లు, శాలువాలు వద్దు. సకాలంలో బిల్లు చెల్లిస్తే చాలు.

ఈ ఏడాదే మొదలుపెట్టాలనుకునే వాళ్లు దసరా సెలవుల్లోపు పది లాంతర్లు చేసి, అందులో రెంటిని వారం రోజులు ఆరుబయట మంచుకు, గాలికి వదిలేసి చూడండి. వంగితే వార్నిష్ మార్చండి. నవంబరులో చర్చి కమిటీల దగ్గరికి, డెకరేషన్ వాళ్ల దగ్గరికి వెళ్లండి. ప్రభల కమిటీలు శివరాత్రికి నెల ముందు నుంచే హడావుడిలో పడతాయి, అప్పుడు మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. వెదుళ్లు ఊళ్లోకి దిగకముందే మీ శాంపిల్ వాళ్ల చేతిలో ఉండాలి, ధర కాగితం మీద రాసి.